పురుగు కాదు, పాము

కాళ్ళు తన్నకుండా పడుకుంటేనే చెప్తా. అనగనగా, ఊళ్ళో కాదమ్మా, ఊరవతల ఏటి ఒడ్డున ఇద్దరు తోటికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దామె నూకరత్నం, చిన్నామె సత్యవేణి. కొండలు చూడ్డానికొచ్చేవాళ్ళకి ఇద్దరూ వెదురు గుడిసెలు వేసి అద్దెకిచ్చేవాళ్ళు. రిసార్టు అంటారే, అదే.

వచ్చినవాళ్ళంతా సత్యవేణి దగ్గరే దిగేవాళ్ళు. నూకరత్నానికి కడుపు మండిపోయేది. సత్యవేణి ఉయ్యాల కడితే తనూ కట్టింది. ఆ తర్వాత సత్యవేణి బంతిమొక్కలేస్తే తనూ వేసింది. అయినా ఒక్కరూ రాలా! "దానికున్నదేంటి, నాకు లేనిదేంటి?" అని కుళ్ళి కుళ్ళి ఏడ్చేది.

సత్యవేణి మాత్రం ఎవరొచ్చినా, "ఇక్కడ నాగుపాములు తిరుగుతాయండీ" అని ముందే చెప్పి, చేతికో కర్ర ఇచ్చేది. ఒకరోజు పట్నం నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు ఆ మాట విని హడలిపోయారు. సంచి పట్టుకుని నూకరత్నం దగ్గరకొచ్చారు.

"మీ దగ్గర పాములున్నాయా?" అని అడిగింది తల్లి.

పట్నం వాళ్ళకి అర్థం కావాలని సత్యవేణి అనేది గానీ, ఆ ఊళ్ళో పాముని పాము అనరే. పేరెత్తితే వచ్చేస్తుందని భయం. పురుగు అంటారు. అప్పుడు నూకరత్నం ఏమందో తెలుసా? "ఏవో పురుగులు తప్ప ఏమీ లేవండీ!" ఎంత గడుసుదో చూడు. పాపం ఆ తల్లి, పిల్లకి దోమల మందు రాసి ఊరుకుంది.

సాయంత్రం పిల్ల బంతి కట్టెల మోపు కిందకి దొర్లింది. పిల్ల చెయ్యి పెట్టబోయింది. ఇటుపక్క నుంచి నూకరత్నానికి పడగ కనిపించింది.

"పురుగు! పురుగు!" అని అరిచింది.

"నాకు పురుగులంటే భయం లేదుగా!" అని పిల్ల ఇంకా లోపలికి పెట్టింది.

నూకరత్నం పాము అనబోయి ఆగింది. పామంటే వీళ్ళూ వెళ్ళిపోతారు, మళ్ళీ సత్యవేణిదే పైచేయి. ఛీ, పాడు కుళ్ళు!

"పాము! చెయ్యి తియ్యవే తల్లీ, పాము!"

పిల్ల చెయ్యి లాక్కుంది. కాటు కట్టెకి పడింది.

"పురుగులన్నావుగా!" అని తల్లి పిల్లని వాటేసుకుంది.

నూకరత్నం వాళ్ళ సంచి తనే నెత్తినెత్తుకుని సత్యవేణి గుమ్మం దాకా మోసింది. "నీ వాళ్ళని మాయమాట చెప్పి లాక్కున్నానే. ఇదిగో, తెచ్చా," అని ఏడ్చేసింది.

"లోపలికి రా అక్కా."

"రానే. నీ ఇల్లు చూస్తే మళ్ళీ కడుపు మండుద్ది. ఒక కర్ర ఇవ్వు, రేపు నా దగ్గరకెవరైనా వస్తే ఇవ్వాలి."

కథేమో కంచికి, కునుకేమో కంటికి,
నా బంగారు తల్లేమో అమ్మమ్మ పక్కకి.