ఏటికి వెళ్ళని పేరు

పెంచలయ్యగారికి ఒక అలవాటుండేది. శిష్యులు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. కలం కడిగి పక్కన పెట్టి, "చూద్దాంలే" అనేవారు. శ్రీకాళహస్తిలో ఆయన దగ్గర కలంకారీ నేర్చుకుంటున్న హేమావతికి ఆ మాట వింటే ఒళ్ళు మండేది. ఆరేళ్ళుగా వింటోంది మరి.

ఆ ఏడు ఆమె మొదటిసారి సొంతంగా ఒక గుడ్డ తెర గీసింది. తీగలు, నెమళ్ళు, వాటి చుట్టూ నూరు పూలు, మధ్యమధ్య వదిలిన తెల్లని నేల. నాలుగు నెలల పని. అది కుదిరితే మూలన తన పేరు రాసుకోవచ్చునని గురువుగారు మాటిచ్చారు. ఆ వీధిలో గుడ్డ మీద పేరున్నవాళ్ళనే పనివాళ్ళంటారు. తక్కినవాళ్ళు ఎన్నేళ్ళయినా నేర్చుకునేవాళ్ళే.

"అయ్యా, ఒక అనుమానం," అంది హేమావతి. "కలం అంటే మనం పట్టే ఈ వెదురుపుల్ల. కారీ అంటే పని. రెండూ పారసీ మాటలని మీరే చెప్పారు. అది కలం పనే అయినప్పుడు, కలం పట్టినవాళ్ళ పేరొక్కటీ చాలదా? మీ తెరల మీద మీ పేరు కింద చెంగమ్మ పేరెందుకు? గుడ్డలుతికే మనిషి, పైగా చదువు కూడా రాదు."

"చూద్దాంలే."

పూలలో ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్ళు పూసి ఆరబెట్టింది. పటిక ఆరితే కంటికి ఆనదు. మంజిష్ఠ వేర్లతో కాచినప్పుడే, అది పట్టిన చోట ఎరుపు తేలుతుంది. అందుకని కాచేముందు, మిగులు పటిక పోయేదాకా గుడ్డను ఏట్లో ఉతకాలి. ఆ పని చెంగమ్మది. ఆమె కూతురి పురుడికని రేణిగుంట వెళ్ళింది. వారానికి గాని రాదు.

"ఆగుతావా?" అన్నారు పెంచలయ్య.

"ఉతకడమే గదయ్యా! నీళ్ళెక్కడైనా నీళ్ళే."

హేమావతి పెరట్లో తొట్టి నింపి, గుడ్డ ముంచి, పొందికగా మడిచి పిసికింది. ఆరేసి చూస్తే ఒక్క మచ్చయినా లేదు. మర్నాడు కాగులో వేసి కాచింది. బయటికి తీసేసరికి నెమలి మెడ మీద పువ్వు, తెల్లని నేలంతా పూలు, తాను గీయని పూలు, మసగ్గా, ఎర్రగా. మడత తగిలిన చోటల్లా ఇంకొకటి. ఆ తెరను ఆమె మూడు రోజులు ఎవరికీ చూపించలేదు.

చెంగమ్మ వచ్చీ రాగానే అడిగి మరీ విప్పి చూసింది.

"తొట్లో ఉతికినావా మే? పటిక పోయేదానికి దోవ ఉండొద్దా? నీ పువ్వు పొయ్యి నీ నెమలి మిందనే కూసునింది!" అని నవ్వి, నవ్వినందుకు తానే నొచ్చుకుంది. "ఇంకోటి గియ్యి తల్లీ. నేనుండా గదా."

మళ్ళీ నాలుగు నెలలు. ఈసారి గుడ్డతో పాటు హేమావతీ ఏటికి వెళ్ళింది. పారే నీళ్ళలో, మోకాటి లోతున, ఆ కొస చెంగమ్మ, ఈ కొస తాను. గుడ్డకు గుడ్డ తగలకూడదు. ఏరు లాగుతున్నా వదలకూడదు. "వొంచు... లేపు... ఆడ మడత పడతా ఉండాది, చూడు!" గంట తిరిగేసరికి హేమావతి చేతులు వణికిపోయాయి. చెంగమ్మ చేతులు వణకలేదు.

తెర కుదిరింది. గీసినవి నూరు పూలు, తేలినవీ నూరే. హేమావతి కలం ముంచి మూలన తన పేరు రాసింది. రాసి, కలం ఎత్తకుండానే ఆ పేరు కింది చోటు దగ్గర ఆగింది.

"అయ్యా, ఆనాడు నేనడిగినదానికి మీరు జవాబే చెప్పలేదు."

పెంచలయ్య తన కలం కడిగి పక్కన పెట్టారు.

"కలంకారీ అని పేరు పెట్టినవాళ్ళు ఈ గుడ్డను ఏ రాజు కొలువులోనో చూసుంటారమ్మా," అన్నారు. "ఏటికెవరొచ్చారు?"