మహారాజుగారి మధూలికా పథ్యం

కొండ కొమ్మున కోట, కోట కింద ఏరు, ఏటికి ఇవతల మెట్ట చేలు ఉన్న ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే మహారాజు ఉండేవాడు. ఆ రాజ్యం పేరు కుందనగిరి. రాజు చెడ్డవాడేమీ కాదు. ప్రజలను పీడించలేదు, పొరుగు రాజుల మీదికి ఊరికే కాలు దువ్వలేదు. ఆయనకు ఉన్న జబ్బల్లా గొప్ప. తాను కట్టిన రంగు బట్ట ఊళ్ళో ఇంకొకరు కట్టకూడదు. తాను పూసుకున్న అత్తరు ఇంకొకరి దగ్గర వాసన రాకూడదు.

పోను పోను ఆ గొప్ప అన్నంలోకి కూడా దిగింది. "జనం తినేది రాజు తినరాదు. రాజు తినేది జనం తినరాదు. ఈ మాట మీరినవాడికి, జనం తిండి పేరు సభలో ఎత్తినవాడికి కూడా ఆ పూటతో కొలువు చెల్లు, మరునాటికి రాజ్యం చెల్లు" అని శాసనం వేయించాడు. ఆ తరవాత ఒక దండనాయకుడు సరిహద్దు కబుర్లు చెబుతూ మాటవరసకు "జొన్నరొట్టె" అన్నాడు. పాపం, మరునాడే మూటాముల్లె సర్దుకుని ఏరు దాటి పొరుగు రాజ్యానికి పోయాడు.

ఇక రాజుగారి పళ్ళెం సంగతి చెప్పాలి. ఏడుసార్లు దంచి మల్లెమొగ్గల్లా తేల్చిన బియ్యం, నేతిలో మునిగి తేలే భక్ష్యాలు, పాకం కారే మిఠాయిలు, జీడిపప్పు, బాదంపప్పు ముద్దలు. పూటకు నలభై రకాలు. ఆకుకూర మాత్రం ఆ పళ్ళెం దరిదాపులకు రాలేదు. ఆకుకూరలు ప్రతి పెరట్లోనూ మొలుస్తాయి కదా.

రాజు కంటే ముందు ఆ నలభై రకాలనూ తలా ఒక ముద్ద తినేవాడు ఒకడున్నాడు. అతని పేరు తిప్పన. విషమేమైనా కలిసిందేమోనని రుచి చూసి చెప్పడం అతని ఉద్యోగం. ఊళ్ళో వాళ్ళు "వాడిదిరా అదృష్టం" అనుకునేవారు. పదేళ్ళు గడిచేసరికి ఆ అదృష్టం బొజ్జగా మారి తిప్పన ముందు నడవసాగింది.

రాజుగారికి ఏ బాధ వస్తే తిప్పనకూ ఆ బాధే వచ్చేది. రాజుగారికి పొట్ట ఉబ్బరిస్తే ఇతనికీ ఉబ్బరించేది. రాజుగారికి కీళ్ళు పట్టేస్తే ఇతనికీ పట్టేసేవి. సభామంటపానికి ముప్పై మెట్లు. రాజును నలుగురు బోయీలు పల్లకిలో పైకి మోసేవారు. వెనక తిప్పన రొప్పుతూ, ప్రతి అయిదు మెట్లకూ గోడ పట్టుకుని ఎక్కేవాడు.

రాజవైద్యుడు త్ర్యంబకశాస్త్రి ముత్యాల భస్మం ఇచ్చాడు, పగడాల భస్మం ఇచ్చాడు, బంగారు రేకులు తేనెలో నూరి ఇచ్చాడు. రాజు కంటే ముందు అవి కూడా తిప్పనే నాకాడు. ఇద్దరికీ గుణం కనిపించలేదు.

ఒకరోజు తిప్పన ఇంటి గడప దాటలేక అక్కడే కూలబడ్డాడు. భార్య మాచమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మాచమ్మ పుట్టింటివారు కొండ అంచున ఆకులు, వేళ్ళు తెచ్చి మందులు నూరేవారు. ఆమెకు ఏ చెట్టు ఎందుకు పనికొస్తుందో చిన్నప్పుడే తెలుసు.

"ఇన్నాళ్ళూ రాజుగారి ఉప్పు తింటున్నారని ఊరుకున్నాను" అంది మాచమ్మ. "ఆయన నెయ్యి కూడా మీరే మోస్తున్నారని ఇప్పుడు తెలిసింది. రేపటినుంచి కోటలో ఒక్కో వంటకం మెతుకంత నోట్లో వేసుకోండి. మిగతా కడుపు నాకు వదిలేయండి."

మరునాటినుంచి పొద్దున్నే వాము మరిగించిన నీళ్ళు ఇచ్చింది. రెండు పూటలా రాగి సంకటి, మునగాకు కూర పెట్టింది. ఉసిరికాయ పచ్చడి వేసింది. శొంఠి, కరివేపాకు వేసిన పలచని మజ్జిగ తాగించింది. కోటకు బండిలో కాదు, నడిచి వెళ్ళమంది. మొదటి వారం తిప్పన మొహం ముడుచుకున్నాడు. రెండోవారం మారు అడిగాడు. రెండు నెలలు గడిచేసరికి బొజ్జ జారిపోయి, ముప్పై మెట్లూ ఒక్క ఊపున ఎక్కేస్తున్నాడు.

అక్కడే చిక్కొచ్చింది. పల్లకిలో కూర్చున్న రాజుగారి పక్కనుంచే తిప్పన చకచకా పైకి వెళ్ళిపోవడం ఒకనాడు ఆయన కంట పడింది. సభలో పిలిచి నిలబెట్టాడు.

"తిప్పనా, నేను తినేదే నువ్వూ తింటున్నావు. నేను చూస్తే ఇలా ఉన్నాను. నువ్వేమో లేడిలా ఉన్నావు. నాకు తెలియకుండా ఏం తింటున్నావు?"

తిప్పనకు రెండు వైపులా ముప్పే. రాగి సంకటి అన్నాడా, దండనాయకుడి వెనకే ఏరు దాటాలి. ఏమీ లేదన్నాడా, రాజు ముందు అబద్ధమాడిన నేరానికి తల పోతుంది.

"ప్రభూ, రేపటి సభలో విన్నవిస్తాను" అని ఆ పూటకు గండం గట్టెక్కి ఇంటికి పరుగెత్తాడు.

సంగతంతా విని మాచమ్మ పెరట్లో మునగాకు దూస్తూనే అడిగింది. "పేరు చెబితేనే కదా తప్పు?"

"పేరు చెప్పకపోతే ఆయన వదులుతాడా?"

"మా తాత ప్రతి ఆకుకీ రెండు పేర్లు చెప్పేవాడు. ఒకటి వంటింట్లోకి, ఇంకొకటి పండితుల ముందుకు. ఆ రెండో పేర్లు నాకు ఇంకా నోటికి వచ్చు."

తిప్పన భార్య మొహంలోకి చూశాడు. తరవాత అరుగు మీద చతికిలబడి, బడిపిల్లవాడిలా ఆ పేర్లన్నీ వల్లె వేశాడు.

మరునాడు సభ కిటకిటలాడింది. తిప్పన కొత్త ఉత్తరీయం వేసుకుని వచ్చి, చేతులు జోడించి, గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, నేను సేవించేది మధూలికా పిండం. దానికి తోడు శిగ్రుపత్ర వ్యంజనం, ధాత్రీఫల లేహ్యం. పైన విశ్వభేషజం కలిపిన తక్రం. ఉదయాన యవానీ కషాయం. నలభై రోజుల పథ్యం. మధ్యలో నెయ్యి, పాకం తగిలితే ఓషధులు అలిగి వెళ్ళిపోతాయి."

రాజు కళ్ళు మెరిశాయి. ఆ పేర్లే ఆయనకు సగం ఆరోగ్యం ఇచ్చాయి.

అటు త్ర్యంబకశాస్త్రి ఉలిక్కిపడ్డాడు. ఆయన పండితుడు. మధూలిక అంటే రాగులని, శిగ్రుపత్రం అంటే మునగాకని, ధాత్రీఫలం అంటే ఉసిరికాయని, విశ్వభేషజం అంటే శొంఠి అని, తక్రం అంటే మజ్జిగని, యవానీ అంటే వాము అని ఆయనకు తెలియదా? "ప్రభూ, ఇది..." అంటూ లేచాడు. అంతలో శాసనం గుర్తొచ్చింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఏమిటి శాస్త్రిగారూ, ఈ ఓషధులు నిజంగా ఉన్నాయా?" అన్నాడు రాజు.

"ఉన్నాయి ప్రభూ."

"మంచివేనా?"

"చాలా మంచివి ప్రభూ."

"అయితే అవేమిటో మామూలు మాటల్లో చెప్పండి."

శాస్త్రి నుదురు తుడుచుకున్నాడు. "ఇంతటి ఓషధులను మామూలు మాటల్లో చెప్పడం సభామర్యాద కాదు ప్రభూ" అని మెల్లగా కూర్చున్నాడు. ఆ వంక తిప్పన చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని భయం.

పథ్యం మొదలైంది. ఓషధులు మాచమ్మ చేతి మీదుగానే సిద్ధం కావాలని తిప్పన నియమం పెట్టాడు. పిండాన్ని ఉద్యానవనం చివర ఉన్న మంటపంలోనే సేవించాలని, అక్కడికి పాదాలతోనే నడిచి రావాలని ఇంకొకటి పెట్టాడు. పుట్టి బుద్ధెరిగి రాగి సంకటిని చూడని రాజు, వెండి గిన్నెలో ఉన్న ఆ ముద్దను భక్తిగా కళ్ళకద్దుకుని తిన్నాడు.

మూడోనాడు కజ్జికాయలు కావాలని మారాం చేశాడు. "ఓషధులు అలుగుతాయి ప్రభూ" అన్నాడు తిప్పన. అయిదోనాడు మంటపాన్ని కాస్త దగ్గరగా కట్టించకూడదా అని అడిగాడు. "కట్టించవచ్చు ప్రభూ, నలభై రోజులు పడుతుందట" అన్నాడు తిప్పన.

తొమ్మిదోనాడు పొద్దున రాజు కంగారుగా కబురంపాడు. తిప్పన వెళ్ళేసరికి పాన్పు మీద పొట్ట పట్టుకుని కూర్చున్నాడు.

"తిప్పనా, కడుపులో ఏదో లాగుతున్నట్టుంది. లోపలంతా ఖాళీగా ఉంది. ఎప్పుడూ ఇలా లేదు. నీ ఓషధులు వికటించాయేమో, శాస్త్రిగారిని పిలువు."

తిప్పన రెండు ప్రశ్నలు అడిగి తలూపాడు. "భయం లేదు ప్రభూ. దీన్ని ఆకలి అంటారు."

రాజు పొట్ట తడిమి చూసుకున్నాడు. "ఇది అందరికీ వస్తుందా?" అని అడిగాడు.

"రోజుకు రెండుసార్లు వస్తుంది ప్రభూ."

ఆ రోజు రాజు మంటపానికి తిప్పన కంటే ముందు చేరాడు.

నలభయ్యో నాడు ఉద్దండవర్మ పల్లకిని వెనక్కి పంపి, ముప్పై మెట్లూ తన కాళ్ళతో ఎక్కాడు. సభ అంతా లేచి నిలబడింది. బోయీలు కళ్ళు తుడుచుకున్నారు. రాజుకు ఆనందం పట్టలేదు. ఆనందంతో పాటు పాత గొప్ప కూడా తన్నుకొచ్చింది.

"మధూలిక, శిగ్రుపత్రం, తక్రం ఈ రోజునుంచి రాజభోజ్యాలు" అని ప్రకటించాడు. "నేను తప్ప ఈ రాజ్యంలో వాటిని ముట్టినవాడు కారాగారంలో పడతాడు. రేపు దండోరా వేయండి."

తిప్పన లెక్క వేసుకున్నాడు. రాజ్యంలో రాగి చేలు ఎన్ని, మునగ చెట్లు ఎన్ని. ఆ దండోరా మోగితే పెరట్లోకి వెళ్ళి ఆకు కోసుకున్న ప్రతి ఇల్లాలూ దొంగే. తన ప్రాణం కాపాడుకోవడానికి చెప్పిన పేర్లు వాళ్ళ నోటికాడ కూటిని లాగేసేలా ఉన్నాయి. నోరు మూసుకుంటే తాను క్షేమం. అయినా నాలుగడుగులు ముందుకు వేశాడు.

"ప్రభూ, ఒక మనవి. ఆ రాజభోజ్యాలను కొందరు అప్పుడే దొంగతనంగా తింటున్నారు."

రాజు మొహం ఎర్రబడింది. "ఎవరు వాళ్ళు?"

"నాతో వస్తే చూపిస్తాను. కిరీటం, పరివారం వద్దు. చూస్తే దొంగలు జాగ్రత్తపడతారు."

ఇద్దరూ మామూలు బట్టలతో కోట దిగి, ఏటి ఒడ్డున నడిచి, ఒక రాగి చేను గట్టుకు చేరారు. మిట్టమధ్యాహ్నం. కలుపు తీసి వచ్చిన గంగసాని అనే ముసలామె తుమ్మ నీడన సద్దిమూట విప్పుతోంది. చిక్కిపోయిన రాజును ఆమె ఎలా పోల్చుకుంటుంది?

"రండి నాయనా, ఎండలో వచ్చారు. ఒక ముద్ద తిని పోండి" అంది.

రాజు విప్పిన మూటలోకి చూసి నిలువునా కొయ్యబారాడు. అదే ముద్ద. అదే ఆకు. పక్కనే ముంతలో అదే తక్రం.

"అమ్మా, ఇది నీకు ఎక్కడ దొరికింది?" అన్నాడు.

"ఎక్కడ దొరకడమేంటి నాయనా? రాగి సంకటి, మునగాకు కూర. మా అమ్మ ఇదే తిన్నది, మా అమ్మమ్మ ఇదే తిన్నది. నువ్వు ఏ ఊరివాడివి, సంకటి ఎరగవా?"

రాజు మెల్లగా తిప్పన వైపు తిరిగాడు. తిప్పన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దొంగను పట్టి ఇచ్చాను ప్రభూ. ఆ చేను అవతల ఇంకో ఇరవైమంది ఉన్నారు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. మీ కారాగారం కాపలావాళ్ళు కూడా పొద్దున ఇదే తిని వచ్చారు. అందరినీ లోపల వేస్తే తలుపుకు బయటినుంచి గొళ్ళెం పెట్టడానికి ఎవరూ మిగలరు. ఆ పని మీరే చేసుకోవాలి."

"నన్ను మోసగించావు" అన్నాడు రాజు.

"ఒక్క అబద్ధం ఆడలేదు ప్రభూ. అన్నీ వాటి పేర్లే. పోతే ఇంకొక చిక్కుంది. జనం తినేది రాజు తినరాదని మీ మొదటి శాసనం. నలభై రోజులుగా మీరు తింటున్నది ఇదే. దాని ప్రకారం రాజ్యం దాటవలసినవారు తమరు. కొత్త శాసనం ప్రకారం అయితే జనమంతా జైలుకు. ఏది ముందు అమలు చేయమంటారు?"

రాజు గట్టు మీద కూర్చున్నాడు. ముసలామెకు ఇదంతా పట్టలేదు. మోదుగాకులో సంకటి పెట్టి, మధ్యలో గుంట చేసి కూర వేసి, ఆయన చేతిలో పెట్టింది. ఎండలో నడిచి వచ్చిన మనిషి, ఆకలి మీద ఉన్నాడు. తిన్నాడు. సగం తిన్నాక ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని తిప్పన వంగి చూశాడు. ఏడుపు కాదు, నవ్వు.

"ఇంతమంది ఇంత మంచి తిండి తింటుంటే," అన్నాడు నవ్వు ఆపుకోలేక, "నేనొక్కడినే ఇన్నేళ్ళూ పస్తులున్నానన్నమాట."

మరునాడు సభలో రెండు శాసనాలనూ తానే చించేశాడు. దండనాయకుడిని సగౌరవంగా పిలిపించమని గుర్రపు రౌతును పంపాడు. తరవాత రాజవైద్యుడి వైపు చూశాడు.

"శాస్త్రిగారూ, మీకు ఆ పేర్లు ముందే తెలుసు కదూ?"

"తెలుసు ప్రభూ. మునగాకు అని నోరు విప్పితే నా కొలువు పోయేది. నోరు మూసుకుంటే మీ జబ్బు పోయేలా కనిపించింది. రెండోదే మేలనుకున్నాను."

సభ గొల్లుమంది. అందరికంటే గట్టిగా రాజే నవ్వాడు. కోట గోడ లోపలి తోటంతా మందు మొక్కలకు ఇచ్చి, దాని పెత్తనం మాచమ్మకు అప్పగించాడు. శాస్త్రిగారు వారానికి రెండు రోజులు ఆమె దగ్గర ఆకులు గుర్తు పట్టడం నేర్చుకోవాలని కట్టడి చేశాడు. ఆయన సంతోషంగానే ఒప్పుకున్నాడు.

చివరికి తన మెడలోని పచ్చల హారం తీసి తిప్పన మెడలో వేసి, "ఇది నేనిచ్చింది. నీకు కావలసింది ఇంకేదైనా ఉంటే అడుగు" అన్నాడు.

తిప్పన కాస్త మొహమాటపడ్డాడు. "ప్రభూ, పదేళ్ళుగా నేను ముద్ద నోట్లో పెట్టగానే నలుగురు నా మొహంలోకి చూస్తారు, వీడు బతుకుతాడా పోతాడా అని. ఒక్క పూట, అలా ఎవరూ చూడకుండా మా ఇంట్లో కూర్చుని తినాలని ఉంది."

రాజు కడుపు పట్టుకుని నవ్వి, ఆ ఉద్యోగాన్నే రద్దు చేసి, అతన్ని తన ఆంతరంగిక సలహాదారుగా వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం తిప్పన కాళ్ళు కడుక్కుని, తన ఇంట్లో పీట మీద కూర్చుని, వేడి వేడి సంకటి ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాడు. రాజు లేడు, వైద్యుడు లేడు, కాపలావాళ్ళు లేరు. ఎదురుగా మాచమ్మ ఒక్కతే గరిటె పట్టుకుని అతని మొహంలోకి రెప్పవేయకుండా చూస్తోంది.

కూరలో ఉప్పు సరిపోయిందో లేదో అని.