ఎవరూ పట్టుకెళ్ళని తాళంకప్ప

ఎవరైనా తమ బాధ చెప్పుకోవడానికి వస్తే ప్రభుదానం అయ్యగారు ఓదార్చేవారు కాదు. బైబిలు తీసి వాక్యం చదివేవారూ కాదు. చెప్పినంతసేపూ విని, "ఆ తర్వాత?" అనేవారు. మనుషులు సాధారణంగా తమకు దెబ్బ తగిలిన చోట కథ ఆపేస్తారు. అయ్యగారికి అక్కడ ఆపడం నచ్చేది కాదు. చీరాల దగ్గర సువార్తికుల శిక్షణాలయంలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నాక కూడా, పాత శిష్యులు ఆ ఒక్క మాట కోసమే ఆయన దగ్గరికి వస్తారని కొందరు అనేవారు. ఆ ఒక్క మాటకు జడిసే చాలామంది రావడం మానేశారని మరికొందరు అనేవారు. రెండూ నిజమే అయివుంటాయి.

నతానియేలు వచ్చిన పూట అయ్యగారు వసారాలో చేట ముందు పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. నతానియేలు ఆయన దగ్గర చదువుకున్నవాడే. దక్షిణ సముద్రంలో ఒక చిన్న ద్వీపంలో పదకొండేళ్ళు మిషనరీగా పనిచేసి, అక్కడి సంఘాన్ని అక్కడివాళ్ళకే అప్పగించి, ఆ ఎండాకాలమే తిరిగొచ్చాడు. వందనాలు చెప్పి, జేబులోంచి ఒక పెద్ద ఇనప తాళంచెవి తీసి చేట పక్కన పెట్టాడు.

"ఏమిటిది?" అన్నారు అయ్యగారు.

"పాడేరు అవతల కొండల్లో మిషన్ బంగళా ఉందండి, దాని తాళంచెవి. అక్కడి సంఘాన్ని చూసుకోమని సంస్థవాళ్ళు నన్ను వెయ్యాలనుకుంటున్నారు. నేను వెళ్ళనండి. మీ చేతుల మీదుగా ఇది వాళ్ళకి పంపించెయ్యండి."

"ఎందుకు వెళ్ళవు?"

నతానియేలు గుమ్మం దగ్గర స్తంభానికి చేరగిలబడ్డాడు. "అయ్యగారూ, ఒక జనం మధ్య పదకొండేళ్ళు బతికి వచ్చేస్తే వాళ్ళ దగ్గర మనది ఏమైనా మిగులుతుందా? మిగలనప్పుడు ఇంకో చోటికి పోయి మళ్ళీ మొదటినుంచీ బతకడం దేనికి?"

"మిగల్లేదని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముంది? నా కళ్ళతో చూశాను."

చూసినది చెప్పాడు. ఇంట్లో తల్లికీ, సంస్థ ఆఫీసులోనూ, రెండు ప్రార్థన కూడికల్లోనూ అప్పటికే చెప్పివున్నాడు కాబట్టి ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో అతనికి బాగా అలవాటైపోయింది.

ఆ ద్వీపంలో అందరివీ కొబ్బరాకు కప్పిన ఇళ్ళు. గుమ్మాలకు చాపలు వేలాడదీసుకుంటారు. తలుపున్న ఇల్లు నతానియేలుది ఒక్కటే. వెళ్ళిన కొత్తలో దగ్గరుండి కట్టించుకున్నాడు. గుంజల మీద పలకల నేల, పైన రేకులు, మంచి కలప తలుపు, దానికి మన ఊరినుంచి పట్టుకెళ్ళిన తాళంకప్ప. లోపల మందులుండేవి గనక పక్క దీవులకు వెళ్ళినప్పుడల్లా తాళం వెయ్యక తప్పేది కాదు. తను ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం గుమ్మం ఎక్కినవాళ్ళెవరూ టీ తాగకుండా దిగలేదు. జ్వరమొచ్చినవాడికి మాత్రలు, కాలు కోసుకున్నవాడికి కట్టు, తగువులాడుకున్నవాళ్ళకి రాజీ, అన్నీ ఆ ఇంట్లోనే. ఆ ఊరికి తను చేసినవాటిలో ఆ ఇల్లే గొప్పదని అతనికి లోలోపల గర్వం. పైకి అనలేదు గానీ, చెబుతున్న తీరులో ఆ సంగతి తెలిసిపోతూనే ఉంది.

వీడ్కోలు రోజున ఊరు ఊరంతా ఒడ్డుకు వచ్చింది. సంఘంలో అందరికంటే పెద్దావిడ లేవా అతని తలకు కొబ్బరినూనె రాసి, రెండు చెంపలూ పట్టుకుని, ఎంతకీ వదల్లేదు. తన తర్వాత కాపరిగా నిలబెట్టిన తోమా ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఏడుపు ఆపుకోలేక, పూర్తి చెయ్యకుండానే కూర్చుండిపోయాడు. నతానియేలు నెలల తరబడి తయారుచేసుకున్న వీడ్కోలు ప్రసంగం చేశాడు. అది కాస్త పొడుగైందని ఒప్పుకోవాలి, లాంచీవాడు మధ్యలో హారన్ కూడా కొట్టాడు. అయినా ఒక్కరూ కదల్లేదు. ఏడవనివాళ్ళు లేరు. లాంచీ కదిలాక ఆ ఏడుపు నీళ్ళ మీద చాలాదూరం వినబడింది.

పగడపు దిబ్బలు దాటీ దాటకముందే లాంచీ ఇంజను ఆగిపోయింది. లాంచీ నడిపే సరంగు దాన్ని విప్పాడు, తుడిచాడు, తిట్టాడు. అది మాట వినలేదు. చివరికి గెడలు వేసి తోసుకుంటూ, పొద్దు వాలేవేళకు బయల్దేరిన ఒడ్డుకే తిరిగొచ్చారు. నతానియేలుకు లోపల సంబరంగానే ఉంది. తనని చూసి జనం పరిగెత్తుకొస్తారని, ఆ దృశ్యం ఎలా ఉంటుందోనని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాడు.

ఒడ్డు మీద పిట్ట లేదు. గట్టెక్కి తన ఇంటి వైపు నడిచాడు. ఇల్లు లేదు.

కాలిపోలేదు, కూలిపోలేదు. విప్పేశారు. గుంజలు పాతిన గుంటలున్నాయి, ఆ గుంటల్లో కోళ్ళు కెలుకుతున్నాయి. రేకులు తోమా వంటపాక మీద కనిపించాయి. పలకలు పడవలు బాగుచేసే చోట వరసగా పేర్చివున్నాయి. తన కిటికీ ఎవరి గోడకో అప్పుడే అమరిపోయింది. అన్నీ పట్టుకుపోయారు. తాళంకప్ప మాత్రం ఎవరూ పట్టుకుపోలేదు. నేల మీద మట్టిలో పడివుంది. లేవా గుడిసె దగ్గర సుత్తి దెబ్బలు వినబడితే చూశాడు. ఇద్దరు మగవాళ్ళు ఆవిడ గుమ్మానికి తన తలుపు బిగిస్తున్నారు. పొద్దున చెంపలు వదలని మనిషి, సాయంత్రానికి పక్కన నిలబడి, ఇంకొంచెం పైకి ఎత్తమని చెబుతోంది.

"తెల్లారి ఏడ్చారండి, పొద్దుగూకేలోగా పంచుకున్నారు," అన్నాడు నతానియేలు. "నా పదకొండేళ్ళూ ఒక్క పూటలో ఊడబీకేశారు."

ఇక్కడ ఆపడం అతనికి అలవాటు. ఇక్కడ ఆపితే అందరూ అయ్యో అనేవారు. కూడికల్లో ఒకరిద్దరు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

అయ్యగారు ఒక చిక్కుడుకాయ తుంచి, పుచ్చు ఉందేమోనని చూసి, చేటలో వేశారు. "ఆ తర్వాత?"

"తర్వాతేముందండి? మర్నాడు లాంచీ బాగయింది, వచ్చేశాను."

"మర్నాటి సంగతి నేనడగలేదు నాయనా. ఇల్లు లేదన్నావు. మరి ఆ రాత్రి ఎక్కడ పడుకున్నావు?"

ఈ ప్రశ్న నతానియేలును ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చెప్పడానికి ఏమంత లేదనుకున్నాడు గానీ, మొదలుపెట్టాక ఉందని తెలిసింది.

తనని చూడగానే సుత్తి ఆగిపోయింది. బస్టాండులో సాగనంపడానికి వచ్చినవాళ్ళకి మాటలన్నీ అయిపోయాక బస్సు రాకపోతే ఎలా ఉంటుందో, అందరికీ అలా ఉంది. ఎవరికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతనికీ తెలియలేదు. ముందుగా తేరుకున్నది లేవాయే. అతని వెనక ఖాళీ నేల వైపు ఒకసారి చూసి, దాచుకోలేని సంతోషంతో, "అయితే ఇవాళ నీకు ఇల్లు లేదు!" అంది.

అంతే, దెబ్బలాట మొదలైంది. రేకులు నా పాక మీద ఉన్నాయి గనక నా దగ్గరే పడుకోవాలని తోమా. కిటికీ మా గోడకుంది గనక గాలి మా ఇంట్లోనే బాగా వస్తుందని ఇంకో ఇంటావిడ. పలకలవాళ్ళు కూడా వచ్చారు. పొద్దున ఏడ్చిన జనమే గొంతులు చించుకుని అరుచుకుంటున్నారు. నతానియేలు అలసిపోయి, కోపంగా ఉండి, ఎవరో ఒకరు గెలిస్తే చాలనుకున్నాడు. తలుపు నా దగ్గరుంది, ఇక మాటల్లేవంటూ లేవా అతని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఆవిడ ఇంట్లోకి వెళ్ళడం అదే మొదటిసారి. కాల్చిన పెండలం దుంప, మధ్యాహ్నం మిగిలిన చేప, ఒకే ఆకులో ఇద్దరికీ పెట్టింది. గోడకు ఒక తెడ్డు వేలాడదీసివుంది. అది ఆవిడ కొడుకుది. నతానియేలు ఆ ద్వీపానికి వెళ్ళిన మొదటి సంవత్సరమే ఆ కొడుకు సముద్రంలో పోతే, సమాధి కార్యక్రమం జరిపించింది ఇతనే. మంచి ప్రసంగం చేశాడని అప్పట్లో అందరూ అన్నారు. తినబోయే ముందు లేవా తెడ్డు వైపు తిరిగి, రోజూ మాట్లాడే మనిషితో మాట్లాడినట్టు, "చూశావా, వచ్చాడు," అని చెప్పింది. ఆవిడ రోజూ ఆ తెడ్డుతో మాట్లాడుతుందని అతనికి పదకొండేళ్ళలో తెలియదు.

ఇల్లెందుకు విప్పేశారని అడిగేశాడు. ఆవిడకి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "విప్పకపోతే ఎలా? ఖాళీ ఇల్లు వెళ్ళినవాణ్ణి పిలుస్తూనే ఉంటుంది. అక్కడ మీ ఊళ్ళో మీ అమ్మ వండిపెట్టినా నీకు సయించదు. నువ్వు తినాలని విప్పేశాం," అంది. మరి తాళంకప్ప ఎందుకు వదిలేశారన్నాడు. అది దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలియలేదట. తలుపు కూడా ఆవిడ మూయలేదు. మూసుకుంటే ఎవరొచ్చారో ఎలా తెలుస్తుందని అడిగింది.

"మర్నాడు పొద్దున ఒడ్డుకు ఎవరూ రాలేదండి," అన్నాడు నతానియేలు. "ఏడవాల్సింది నిన్ననే ఏడ్చేశారు కదా, వలలు పట్టుకుని పనుల్లోకి పోయారు. ఆవిడ ఒక్కతే వచ్చింది. ఆకులో కట్టిన దుంప చేతిలో పెట్టి, అలలెక్కువగా ఉన్నాయి, తినేసి ఎక్కు, అంది. ఇంకేం అనలేదు. నా దగ్గరా ప్రసంగమేం మిగల్లేదు. తినేసి ఎక్కాను."

చెబుతూ చెబుతూ అతను ఆగాడు. ఇది అలవాటైన చోట కాదు. పైపంచె చెంగుతో మొహం తుడుచుకుని, కళ్ళు దించుకుని కూర్చున్నాడు. ఆ ముసలావిడ మీద బెంగ పెట్టుకున్నాడని అతనికి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ దాన్ని కోపమనుకున్నాడు.

అయ్యగారు చేట కొంచెం పక్కకు జరిపారు. "ఆవిడ నిన్ను అంతకుముందెప్పుడూ పిలవలేదా?"

"పిలవకేమండి! దుంపలు తవ్విన ప్రతిసారీ వచ్చేది. ఒక్క రాత్రి మా ఇంట్లో పడుకో, మా అబ్బాయికి చెప్పుకుంటాను అనేది. ఏం చెప్పుకుంటుందో నాకు అర్థమయ్యేది కాదు."

"నువ్వేమనేవాడివి?"

"మీకెందుకమ్మా శ్రమ, నాకు ఇల్లుంది కదా, అనేవాణ్ణండి. కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపించేవాణ్ణి. మర్యాద అనుకున్నాను," అన్నాడు.

అయ్యగారు మిగిలిన కాయలు నాలుగూ తుంచేసి, ఈనెలన్నీ ఒక ఆకులోకి ఎత్తారు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. నతానియేలు లేచి నిలబడి, చొక్కా సర్దుకున్నాడు.

"ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి అయ్యగారూ. కొండకు వెళ్తాను."

అయ్యగారు తాళంచెవి మీద చెయ్యి వేశారు. ఇవ్వడానికి తీస్తున్నారేమో అనుకుని అతను చెయ్యి చాపాడు. ఆయన దాన్ని తన వైపుకు జరుపుకున్నారు.

"నువ్వు వెళ్ళు. ఇది ఇక్కడ ఉండనీ."

నతానియేలు తెల్లబోయాడు. "మరి నేను అక్కడ ఎక్కడ పడుకోవాలండీ?"

అయ్యగారు చేట ఎత్తుకుని లోపలికి నడుస్తూ అన్నారు. "నీకెందుకు? ఆ సంగతి కొండ మీదివాళ్ళు దెబ్బలాడుకుని తేల్చుకుంటారులే."