తోడేలు తగవులో ఐలవ్వ సాక్ష్యం

అనగనగా, మెట్టల మీద గడ్డి మనిషి నడుము దాకా పెరిగే రోజుల్లో, ఎర్రమెట్ట సీమ అని ఒక రాజ్యం ఉండేది. దానికి రాజు ధర్మకేతుడు. ఆయన తాతగారు పూర్వం ఒక శాసనం చేశారు: "మా సీమలో తోడేలును చంపరాదు. చంపినవారికి ఏడాది చెర."

ఆ మాట విని రాజధానిలో జనమంతా "ఆహా, ఎంత దయగల వంశం!" అనుకునేవారు. రాజధానిలో తోడేళ్ళు లేవు.

తోడేళ్ళున్నది మెట్టల మీద. అక్కడ ఐలవ్వ అనే కురుమ ఆడమనిషి జీవాలు మేపుకునేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నది ఒక చిన్న మంద. మందలో ప్రతి గొర్రెకూ పేరుండేది.

ఆ ఏడు ఆమె మందలో పన్నెండు జీవాలు పోయాయి. చివరిది బొల్లి. తల్లి చస్తే ఐలవ్వే పాలు పట్టి పెంచిన గొర్రె. మందను వాగు దాటిస్తుండగా ఆమె కళ్ళముందే తోడేలు దాని గొంతు పట్టి ఈడ్చుకుపోయింది. ఐలవ్వ కర్ర విసిరింది. అరిచింది. వాగు ఒడ్డునే కూలబడి ఏడ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజసభలో తగవు లేచింది.

"శాసనం ఎత్తేయండి ప్రభూ! కనబడ్డ తోడేలునల్లా వేటాడి, కాపరుల కష్టం తీరుస్తాం" అన్నాడు సేనాపతి చండభటుడు. ఆయనకు వేటంటే ప్రాణం.

"వద్దు ప్రభూ! తోడేలు అడవికి అలంకారం. శాసనంలో ఒక్క అక్షరం కదిలినా మహాపాపం" అన్నాడు ఆస్థాన పండితుడు విద్యానిధి. ఆయనకు తన మాట నెగ్గడమంటే ప్రాణం.

మూడు రోజులు వాదించుకున్నారు. సభ రెండుగా చీలింది. ఒక్క కంచంలో తిన్న అన్నదమ్ములు కూడా ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

నాలుగో రోజు రాజు అడిగాడు: "మీలో తోడేలును చూసినవారెవరు?"

సేనాపతి పొరుగు రాజ్యం నుంచి తెచ్చిన తోలు చూపించాడు. పండితుడు తాటాకు మీద గీసిన బొమ్మ చూపించాడు.

"బతికున్నదాన్ని" అన్నాడు రాజు.

అలాంటివారు సభలో ఒక్కరూ లేరు. అలా, పన్నెండు జీవాలు పోగొట్టుకుందని మెట్టల మీద అందరికీ తెలిసిన ఐలవ్వకు కబురు వెళ్ళింది.

ఆమె కోట వాకిట్లో అడుగు పెట్టీ పెట్టగానే సేనాపతి ఎదురొచ్చాడు. "పన్నెండింటినీ తోడేలే తిన్నదని చెప్పు ఐలవ్వా. రెట్టింపు జీవాలు నీ దొడ్డికి తోలిస్తా."

నాలుగడుగులు వేసిందో లేదో పండితుడు పక్కకు పిలిచాడు. "తోడేలు నీ మంద జోలికే రాలేదని చెప్పు తల్లీ. కోటలో కొలువు ఇప్పిస్తాను. ఎండావానా లేకుండా బతకవచ్చు."

ఐలవ్వ ఇద్దరికీ దండం పెట్టింది. ఎవరికీ మాటివ్వలేదు. కానీ రెట్టింపు జీవాలన్న మాట ఆమె చెవిలో గింగురుమంటూనే ఉంది. 'అబద్ధమైతేనేం, ఆ తోడేలు చావాల్సిందే' అని కూడా అనిపించింది.

సభలో రాజు మొదటి ప్రశ్న వేశాడు. "నీ జీవాలను చంపిందెవరు తల్లీ?"

'తోడేలే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో పోయిన గొర్రెలన్నీ పేరుపేరునా కళ్ళముందు నిలబడ్డాయి. వాటి చావు మీద అబద్ధమాడడానికి ఆమెకు నోరు రాలేదు.

"మూడింటిని తోడేలు పట్టింది దొరా. అయిదు వానకాలం రోగంతోని పోయినయి. నాలుగింటిని కుక్కలు చంపినయి. కోట వంటశాల ఎనక పారేసే ఎముకలకు మరిగి గుంపు కట్టిన కుక్కలు. అవి మా మెట్ట దాకా వస్తయి."

సేనాపతి మొహం మాడిపోయింది.

"అయితే తోడేలు మంచిదంటావా?" అన్నాడు రాజు.

"మంచిదెట్లయితది దొరా? నా బొల్లిని తిన్నది. దాని గుహ నాకు తెలుసు. నిప్పు పట్టుకొని పోయిన కూడా. లోపల నాలుగు పిల్లలు, అప్పుడే కండ్లు తెరిచినయి. ఎండుగడ్డి కుక్కి అంటిస్తే అయిపోతుండె. చూసేటోళ్ళు లేరు."

"మరి అంటించలేదేం?"

"ఏమో దొరా. కోపం చల్లారేదాకా అట్లనే కూసున్న. మా మామ చెప్పిన మాటొకటి యాదికొచ్చింది. ఆయన చిన్నప్పుడు, ఈ శాసనం రాకముందు, పక్క మెట్ట మీద తోడేళ్ళను తుడిచిపెట్టిన్రట. రెండేండ్లకు అడవిపందులు పెరిగి ఒక్క జొన్నచేను మిగల్చలేదట. లేచి వచ్చేసిన."

"విన్నారా ప్రభూ!" అని పండితుడు సంతోషంతో లేచాడు.

ఐలవ్వ ఆయన వైపు తిరిగింది. "అయ్యా, మీరు తోడేలును పొగుడుతరు. దాని కడుపు నింపేది నా మంద. పుణ్యం మీది, గొర్రె నాదా?"

పండితుడు మెల్లగా కూర్చున్నాడు.

రాజు చివరి ప్రశ్న అడిగాడు. "శాసనం ఉంచమంటావా, తీసేయమంటావా?"

"ఉంచుండ్రి దొరా. కానీ నా ఒక్కదాని నెత్తి మీద ఉంచకుండ్రి. తోడేలు బతకాలని రాజ్యమంతా అనుకుంటే, దానికి రాజ్యమంతా కూడు పెట్టాలె."

రాజుకు ఆ మాట సూటిగా తగిలింది. ఇన్నాళ్ళూ తాతగారి పేరు చెప్పుకుని పొంగిపోయాడే గాని, ఆ పేరు ఎవరి కడుపు కొట్టి నిలబడిందో ఆయన ఎన్నడూ అడగలేదు.

చివరికి తీర్పు చెప్పాడు. శాసనం ఉంటుంది. తోడేలు పట్టిన ప్రతి జీవానికీ బదులు జీవం రాజుగారి మందలోంచి, మంత్రుల మందల్లోంచి వంతుల వారీగా వస్తుంది. కోట ఎముకలు ఇక గొయ్యి తీసి పూడ్చాలి.

"ఏ గొర్రెను ఏది చంపిందో స్వయంగా చూసి తేల్చే పని సేనాపతిదీ పండితుడిదీ. ఇద్దరూ కలిసే మెట్ట ఎక్కాలి" అన్నాడు.

ఐలవ్వకు రెట్టింపు రాలేదు. మూడే వచ్చాయి. వాటికి పేర్లు పెట్టుకుంటూ ఇల్లు చేరింది.

ఆ తర్వాత కూడా తోడేలు అప్పుడప్పుడు మందల మీద పడింది. ఎండలో, ముళ్ళలో సేనాపతీ పండితుడూ మెట్టెక్కారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోక తప్పలేదు. పోయిన జీవానికి బదులు జీవం వచ్చింది. అంతవరకూ చెరసాల భయంతో, చాటుగా చచ్చిన గొర్రెలో విషం కూరి తోడేలుకు వేసిన కాపరులు కొందరుండేవారు. శాసనం ఆపలేకపోయిన ఆ పనిని వాళ్ళంతట వాళ్ళే మానుకున్నారు.

కనుక పిల్లలూ, భారమంతా ఒక్కరి మీద వేసి చూపే దయ దయ కాదు. అందరూ పంచుకుని మోసినదే ధర్మం.