కేతకి లాక్కున్న సీటు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక బడి. బడి అన్నాక పరీక్షలుంటాయి, పరీక్షలన్నాక ప్రోగ్రెస్ రిపోర్టులూ ఉంటాయి. మొహాలు అలా పెట్టకండర్రా, ఇది మీ బడి కాదులే!

ఆ బడిలో కేతకి అనే ముంగిస పదో తరగతి చదువుతోంది. దాని పక్కనే వకుళ అనే ఉడుత కూర్చునేది. రెండూ ప్రాణస్నేహితులు. మొదటి రిపోర్టులో వకుళకి ఫస్టు ర్యాంకు వచ్చింది. కేతకికి కడుపు మండింది. రెండో రిపోర్టులోనూ వకుళే ఫస్టు. కేతకి ఆ పూట అన్నం మానేసింది. మూడోసారీ అదే జరిగేసరికి వాళ్ళమ్మ ఊరుకోలేదు.

"ఆ ఉడుత పిల్లని చూసి నేర్చుకోవే! గుప్పెడంత లేదు, దానికెలా వస్తున్నాయి అన్నేసి మార్కులు?"

ఇంకేముంది, కేతకికి ఒళ్ళు భగ్గుమంది. ఆ రోజు నుంచి వకుళ నవ్వినా ఓర్వలేదు, తుమ్మినా ఓర్వలేదు.

నిజానికి కేతకికీ ఒక విద్య వచ్చు. ఎవరికి దెబ్బ తగిలినా ఏ ఆకు పసరు పిండాలో దానికి తెలుసు. ఆకులు నూరుతూ కూర్చుంటే ఆకలి కూడా గుర్తుండేది కాదు. కానీ ఆకులు నూరితే ర్యాంకులెవరిస్తారు?

ఏడాది చివర పెద్దల మీటింగు వచ్చింది. ఆ రోజు పిల్లలు అమ్మానాన్నలతో వచ్చి, ఇకమీదట ఏ పని నేర్చుకుంటారో ఉడుము మాస్టారికి చెప్పాలి. ఒక్కో పనికి ఒక్కటే సీటు. ముందొచ్చినవాళ్ళకే ఇస్తారు. చెప్పాక ఏడాది దాకా మార్చడానికి లేదు.

"నీకొక్క మాట చెప్పాలే" అంది వకుళ, మీటింగుకి ముందు రోజు. "ఎవరికీ చెప్పకు. నేను వాన లెక్క నేర్చుకుంటా. మబ్బుల్ని చూసి, వాన ఎప్పుడొస్తుందో అడవికంతా చెప్పాలని చిన్నప్పటి నుంచీ ఆశ. మరి నువ్వో?"

"ఇంకా అనుకోలేదు" అంది కేతకి.

మర్నాడు తెల్లారగానే అమ్మని లాక్కుని బడికి పరిగెత్తింది.

"ఏం నేర్చుకుంటావమ్మా?" అని అడిగారు మాస్టారు.

ఆకు వైద్యం అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో దూరాన వకుళ వస్తూ కనబడింది.

"వాన లెక్క!" అనేసింది కేతకి.

వకుళ వచ్చి సంగతి విని, కేతకి మొహంలోకి చూసింది. "ఏది ఖాళీ ఉంటే అదివ్వండి మాస్టారూ" అంది కళ్ళు తుడుచుకుంటూ. ఆకు వైద్యం ఖాళీగా ఉంటే అదే ఇచ్చారు. దాన్ని నేర్పేది ఏదుపంది తాత.

కేతకి కడుపు చల్లబడింది. ఎన్నాళ్ళు? వారం రోజులు! బండ మీద కూర్చుని మబ్బులు చూడాలంటే దానికి ఒకటే ఆవలింతలు. ఒకరోజు తల కూడా ఎత్తకుండా "ఇవాళ వాన లేదు!" అని చాటేసింది. కూతురి మాట నమ్మి వాళ్ళమ్మ వాగు దాటి వెళ్ళింది. మధ్యాహ్నానికి కుండపోత. వాగు పొంగింది. తిరిగొస్తూ ఆ తల్లి రాళ్ళ మీద జారిపడింది. కాలు చీరుకుపోయి, కుంటుకుంటూ ఏదుపంది తాత దగ్గరికి చేరింది. కేతకి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

తాత పొయ్యి దగ్గర కషాయం కాస్తున్నాడు. "అమ్మాయ్, ముందు ఆకు వెయ్యి" అన్నాడు. వకుళ కంగారుగా ఉమ్మెత్తాకు అందుకుంది.

"వద్దు వకుళా! అది వాపుకి వేసేది. తెగినచోట వేస్తే విషం!" అని అరిచింది కేతకి. గబగబా గాయపాకు నలిపి పసరు పిండింది. నెత్తురు ఆగింది.

తాత విస్తుపోయాడు. "ఇంత తెలిసినదానివి, నా దగ్గరికెందుకు రాలేదే?"

కేతకి తల దించుకుంది. "నేనెక్కడికి వెళ్ళాలో చూసుకోలేదు తాతా. ఇది ఎక్కడికి వెళ్తుందా అనే చూశాను. ఓర్వలేక దీని సీటు లాక్కున్నాను."

"సీటు పోయినందుక్కాదే నా ఏడుపు" అంది వకుళ. "ఆ సంగతి నీకొక్కదానికే చెప్పాను."

మాస్టారిని ఎంత బతిమాలినా రూలు మార్చలేదు. ఏడాదంతా కేతకి రోజూ పొద్దున్నే వకుళ దగ్గరికి వెళ్ళి, వాన వస్తుందా రాదా అని అడిగి, అప్పుడు చాటేది. వకుళ మబ్బుల సంగతి ఓపిగ్గా చెప్పేది. తన మనసులో సంగతి మాత్రం మళ్ళీ ఎన్నడూ చెప్పలేదు.

నీతి: ఓర్వలేక ఇంకొకరి చోటు లాక్కుంటే మన చోటూ పోతుంది, మనల్ని నమ్మినవాళ్ళూ దూరమవుతారు.