కన్ను వాలే చోటు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి అన్నీ ఉన్నాయర్రా, నిద్ర ఒక్కటే లేదు. రాజుకే కాదు, ఆ రాజ్యంలో ఎవరికీ లేదు. మూడేళ్ళుగా ఒక్కరి కంటి మీద కునుకు లేదు. వంటవాళ్ళు పప్పులో రెండుసార్లు ఉప్పు వేసేవాళ్ళు. భటులు ఈటెలకి ఆనుకుని ఆవలించేవాళ్ళు. చంటిపిల్లల్ని ఊపీ ఊపీ తల్లుల చేతులు పడిపోయాయి. ఎవర్ని కదిపినా కసురుకోవడమే!

ఇదంతా ధూమ్రకేశుడనే మాంత్రికుడు చేసిన పని. ఏడు వాగుల అవతల, ఏడు లోయల అవతల, ఒక పెద్ద కొండ గుహలో ఉంటాడు వాడు. అక్కడ కూర్చునే మంత్రంతో అందరి నిద్రా దోచుకుని ఒక కుండలో మూసి పెట్టుకున్నాడు.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, రాయైపోయాడు. రెండోవాడు బలకేతుడు మాటలతో బుట్టలో వేసుకుందామని వెళ్ళాడు, వాడూ రాయైపోయాడు. ఇక మిగిలింది మణికేతుడు. వాడికి కత్తి చేతకాదు, మాటలు రావు. బొమ్మలు వేస్తాడు. అవీ కొండల బొమ్మలే! పన్నెండేళ్ళు గురువుగారి దగ్గర నేర్చుకున్నాడు. ఆ గురువుగారింట ఒక పద్ధతి ఉండేది. బొమ్మ ఎంత పెద్దదైనా అరచేయంత చోటు రంగు తగలకుండా వదిలేయాలి. "అది చూసేవాడి కన్ను వాలే చోటురా నాయనా" అనేవారాయన.

ఒకనాడు వైద్యుడు పెదవి విరిచాడు. పున్నమిలోపు నిద్ర పట్టకపోతే రాజుగారు దక్కరన్నాడు.

"నువ్వూ వెళ్ళకురా, కళ్ళెదుట ఒక్కడైనా ఉండు" అన్నాడు రాజు. ఆయన కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. మణికేతుడు ఆ కళ్ళని చూడలేకపోయాడు. కుంచెలు మూటగట్టుకుని బయలుదేరాడు. నడిచాడు, నడిచాడు, ఇంకా నడిచాడు. ఏడో లోయ దాటేసరికి ఒళ్ళు హూనమైపోయింది. నిద్రపోదామంటే నిద్ర ఏదీ? పాపం, కూర్చుని లేచాడు, అంతే.

కొండ కింద వాగులో నీళ్ళు ముంచుకుంటున్న పిల్ల కనిపించింది. పేరు విరజ. పొరుగు రాజు కూతురు. తన చిలక పంజరం ఊపడానికి మాంత్రికుడు మంత్రంతో రప్పించుకున్నాడు.

"వాడి ప్రాణం ఆ చిలకలో ఉంది బాబూ" అంది విరజ. "ఎవరైనా దాని మెడ విరిచేస్తారేమోనని వందేళ్ళుగా రెప్ప వేయలేదు. తనకి లేని నిద్ర ఇంకొకరికి ఎందుకని ఏడుపు. అంత నిద్ర దోచుకున్నాడా, పడుకునే ధైర్యం మాత్రం లేదు."

మణికేతుడు గుహలోకి వెళ్ళాడు. మాంత్రికుడి కళ్ళు ఎర్రగా, రెప్పలు వాచి ఉన్నాయి. వాడి చూపు కుంచెల మూట మీద పడింది.

"బొమ్మలు వేస్తావా? అయితే నా కొండని నాకు చూపించు. చిలకని వదిలి బయటికి రాలేక కొండని చూసి వందేళ్ళయింది. మూడు బొమ్మలు వేయి. ఒక్కటి నచ్చినా కుండ నీది. లేదా, నీ అన్నల పక్కన నువ్వూ నిలబడు!"

మొదటి బొమ్మ బంగారు రేకుతో, నీలిమందుతో ధగధగలాడించాడు. మాంత్రికుడి దగ్గర గొప్ప చూపించుకోవాలి కదా! వదలాల్సిన చోటు కూడా నింపేశాడు.

"ఇది మీ నాన్న కోట గోడ. కొండ కాదు, పో!" అన్నాడు మాంత్రికుడు.

రెండో బొమ్మలో ప్రతి ఆకూ వేశాడు, ప్రతి రాయీ వేశాడు, రాయి మీద చీమని కూడా వేశాడు. మళ్ళీ గోరంత చోటు లేదు.

"అబ్బబ్బా, ఇది చూస్తే కళ్ళు మరీ మండుతున్నాయిరా!" అని విసిరికొట్టాడు మాంత్రికుడు.

ఇంకేముంది? రంగులు అయిపోయాయి. కుంచెలు అరిగిపోయాయి. ఆ రోజే పున్నమి. మణికేతుడు వాగు ఒడ్డున కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అది చూసి ఒక ఉడత వచ్చింది. "మాకూ నిద్ర లేదు బాబూ" అని తోకవెంట్రుకలు ఇచ్చింది, కుంచె కట్టుకోమంది. ఎలుగుబంటి వచ్చింది. "మాకూ నిద్ర లేదు బాబూ" అని కొండ తవ్వి ఎర్రమట్టి ఇచ్చింది. కొండముచ్చు వచ్చింది. "మాకూ నిద్ర లేదు బాబూ" అని పచ్చరంగుకి పసరాకు, రంగు అంటుకోవడానికి తుమ్మబంక ఇచ్చింది.

మణికేతుడు వేశాడు. గొప్ప చూపించడానికి ఇప్పుడు ఒంట్లో ఓపిక లేదు. కొండ వేశాడు, చెట్టు వేశాడు, చెట్టు కింద నున్నటి బండ దగ్గరికి వచ్చాడు. నాన్న ఇక్కడ పడుకుంటే ఎంత బాగుండు అనిపించింది. కుంచె ఆగిపోయింది. ఆ బండని ఖాళీగా వదిలేశాడు.

మాంత్రికుడు బొమ్మ చూశాడు. కొండ చూశాడు, చెట్టు చూశాడు, చూపు జారి ఆ ఖాళీ బండ మీద వాలింది. "హమ్మయ్య" అన్నాడు. అంతే, గుర్రు!

"చిలక మెడ విరిచెయ్!" అంది విరజ.

"పోనీలే, అదీ వందేళ్ళుగా పడుకోలేదు" అని మణికేతుడు పంజరం తలుపు తీశాడు. చిలక వెళ్ళి చెట్టుకొమ్మ మీద వాలి, రెక్కలో తల దూర్చుకుంది. అది లేస్తేనే మాంత్రికుడూ లేస్తాడు. ఇప్పటిదాకా లేవలేదు.

కుండ పగలగొట్టగానే నిద్ర చల్లగాలిలా దేశమంతా పాకింది. రాళ్ళైన అన్నలు మనుషులై ఆవలించారు. రాజుగారు ఉన్నచోటే ఒరిగి మూడు రోజులు పడుకున్నారు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కొడుకూ, విరజా, కొండ బొమ్మా. రాజుగారు ఆ ఖాళీ బండని వేలితో తడిమారు.

"ఒరేయ్, మూడు రోజులూ నేను పడుకున్నది ఇక్కడేరా. ఎంత చల్లగా ఉందనుకున్నావ్!"

మణికేతుడు పక్కనే కూర్చున్నాడు. తండ్రి ఒళ్ళో తల పెట్టుకున్నాడు.

విరజతో పెళ్ళి ఘనంగా జరిగింది. తలంబ్రాల మధ్యలో పెళ్ళికొడుకు కునుకు తీస్తే ఎవరూ లేపలేదు. తర్వాత అరవై ఏళ్ళు చల్లగా రాజ్యం చేశాడు.

కథ ఆ కొండమీదే పడుకుంది. ఇక మీరూ పడుకోండర్రా, నా వల్ల కాదు.