ఆదెమ్మ చేతి టీ

రండర్రా, ఇలా చాప మీదికి జరగండి. కాళ్ళు ముడుచుకుని వెనకున్నవాళ్ళకి చోటివ్వండి. ఊఁ కొట్టనివాళ్ళకి కథ లేదు, ముందే చెబుతున్నా.

అనగనగా నాగావళి ఏటి పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో ఆదెమ్మ అని ఒకావిడ. ఆవిడ చేతి టీ అంటే ఊరందరికీ ఇష్టం. అల్లం దంచి వేసి, డికాషన్ నల్లగా మరిగేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదిలేది కాదు.

ఆవిడకి ఒక్కతే కోడలు, పేరు మంగవేణి. తొలి కాన్పు, అయిదో నెల. ఒకరోజు కోడలి పెదాల మీద తెల్లటి పొడి కనిపించింది.

"ఏంటే అది?"

"బలపాలత్తా. తినకుండా ఉండలేకపోతున్నా. సగం డబ్బా అయిపోయింది."

"పలక మిగిల్చావా, అదీ నమిలేశావా?" అని ఆదెమ్మ నవ్వేసింది.

నవ్విందే కానీ, ఆ తర్వాత కోడలు చిన్న చెంబుడు నీళ్ళు తెచ్చి గుమ్మంలోనే ఆయాసంతో కూలబడితే ఆవిడ పరుగెత్తింది. అప్పుడు నర్సు కస్తూరిని పిలుచుకొచ్చింది.

కస్తూరి మంగవేణి కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంది. వేలు గుచ్చి రక్తం చూసింది.

"ఏడున్నర పాయింట్లే ఉంది పిన్నీ. పదకొండన్నా ఉండాలి. ఒంట్లో ఇనుము తగ్గితే ఇలాగే మట్టీ బలపాలూ తినాలనిపిస్తుంది. ఇలా వదిలేస్తే కాన్పులో కాస్త రక్తం పోయినా తల్లి తట్టుకోలేదు. బిడ్డా బరువు రాదు."

నులిపురుగులకి ఒక బిళ్ళ మింగించి, పొద్దునొకటి సాయంత్రమొకటి వేసుకోమని ఐరన్ బిళ్ళలిచ్చి వెళ్ళింది.

ఇక చూడండి ఆదెమ్మ పట్టుదల. రెండు పూటలా తనే బిళ్ళ చేతిలో పెట్టి, మింగిందాకా ఎదురుగా నిలబడేది.

వారం తిరక్కుండానే కోడలికి విరేచనం నల్లగా అయ్యింది. కొడుకు సూరిబాబు కంగారుపడి "ఆ బిళ్ళలు పారేయమ్మా" అన్నాడు. ఆదెమ్మ పారెయ్యలేదు. చీర చెంగు దోపుకుని నర్సు దగ్గరికి నడిచింది. "ఇనుము వల్లే పిన్నీ, భయం లేదు" అంది కస్తూరి. అప్పుడు మళ్ళీ బిళ్ళలు సాగాయి.

నెల గడిచింది. కస్తూరి మళ్ళీ వేలు గుచ్చింది. పావు పాయింటు కూడా పెరగలేదు, అదే ఏడున్నర.

"నిజం చెప్పు మంగా, బిళ్ళలు మింగుతున్నావా, పెరట్లోకి విసురుతున్నావా?"

ఆదెమ్మకి రోషం వచ్చింది. "దాన్నంటే నన్నన్నట్టే. నా చేత్తో ఇస్తున్నా."

"అయితే నా ఎదుట ఇవ్వు, చూస్తాను."

ఆదెమ్మ చకచకా లోపలికెళ్ళింది. ఒక చేతిలో బిళ్ళ, ఇంకో చేతిలో పొగలు కక్కే స్టీలు గ్లాసు తెచ్చింది. "ఇదిగో, వేడివేడి టీతో. గొంతులో చేదు తగలకుండా."

కస్తూరి తల పట్టుకుని నవ్వింది. "పిన్నీ, బిళ్ళలోని ఇనుముని ఒంటికి పట్టకుండా ఆపేది ఈ టీయే."

ఆదెమ్మ గ్లాసు వంక చూసింది. "అంటే నెల్లాళ్ళూ అడ్డుపడింది నేనేనా?"

కోడలు అత్త చెయ్యి పట్టుకుంది. "నీ టీ బాగుంటుంది కాబట్టే ఏ రోజూ వద్దనలేదత్తా."

"నిమ్మకాయ నీళ్ళతో ఇవ్వు, ఇనుము ఒంటికి బాగా పడుతుంది; ఆ తర్వాత రెండు గంటలదాకా టీ వద్దు. ఈసారీ పెరక్కపోతే టౌను ఆసుపత్రికి పంపాల్సిందే" అని చెప్పి కస్తూరి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో బిళ్ళ నిమ్మకాయ నీళ్ళతో. బిళ్ళ పడ్డాక రెండు గంటలదాకా టీ పొయ్యి వెలిగేది కాదు, కొడుకడిగినా సరే. ఒకరోజు తోటకూర పప్పు, ఒకరోజు మునగాకు వేపుడు, ఇంకోరోజు ఏటి చేపలు. గుడ్డు రోజూ.

ఏడో నెలలో తొమ్మిది. ఎనిమిదిలో పది. తొమ్మిదో నెలలో వేలు గుచ్చితే పదకొండు. బలపాల మీద మంగవేణికి ధ్యాసే లేదు. ఆసుపత్రిలో సులువుగా కాన్పయింది. మూడు కేజీల ఆడపిల్ల. ఎవరి రక్తమూ ఎక్కించే పని పడలేదు.

ఆ తర్వాత కస్తూరి అంగన్‌వాడీలో కడుపుతో ఉన్నవాళ్ళందర్నీ కూర్చోబెట్టి, "మా పిన్ని రెండు మాటలు చెబుతుంది" అంది.

ఆదెమ్మ మనవరాల్ని ఎత్తుకుని లేచి నిలబడింది. తలెత్తి, గొంతు తగ్గించకుండా చెప్పింది. "నా కోడలి రక్తం పెరక్కుండా నెల్లాళ్ళు ఈ చేత్తోనే ఆపాను. తెలిశాక ఈ చేత్తోనే పదకొండుకి తెచ్చాను. మీ ఇళ్ళలో ఎవరన్నా బిళ్ళతో టీ ఇస్తే, ఆదెమ్మ వద్దందని చెప్పండి."

కంచి దారి పట్టింది కథ,
ఇంటి దారి పట్టండి మీరు;
వేడి అన్నం, పప్పులో కూర,
అమ్మనీ కూర్చోబెట్టి తినండి మీరు.

లేవండి, లేవండి, అన్నాలు చల్లారిపోతాయి.